రివర్స్ గేరు ఎవరిది?

పోయినవారం మనం పళ్ళక్కను మైదానం కంచె బయట, చప్పట్ల హోరులో వదిలేశాం. ఆ చప్పట్లు ఆమెకు కావు, ఆమె భర్తకు. రిమోటుతో నడిచే మాన్‌స్టర్ ట్రక్కు బొమ్మ టైర్ల గోడకు ముక్కు గుద్దుకుని ఆగి, ఎవరూ ముట్టుకోకుండా తనంతట తనే వెనక్కి వచ్చేసరికి జనం లేచి నిలబడ్డారు. మైకు పట్టుకున్న ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "ఈ రివర్స్ గేరు నా బుర్రలో పుట్టింది, నా చేతుల్లో పెరిగింది" అన్నాడు. పళ్ళక్క ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా ఇంటిదారి పట్టింది.

ఆమెకు ఆ పేరు ఎందుకొచ్చిందో కొత్తగా చదివేవాళ్ళకు చెప్పాలి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆమె గేరు చక్రాలకు పళ్ళు కోస్తుంది. కుట్టుమిషన్లవీ, పిండిమిల్లులవీ అరిగిపోయిన గేర్లన్నీ ఆమె లేత్ మిషను దగ్గరికే వస్తాయి. షెడ్డు పెట్టిన కొత్తలో "గేర్లకు పళ్ళు కోయబడును" అని బోర్డు రాయించింది. మొదటి వానకే "గేర్లకు" అన్న మాట కొట్టుకుపోయింది. ఒకావిడ సంచీ పట్టుకొచ్చి పళ్ళు తాజావేనా అని అడిగింది. ఒకాయన వాచిన దవడతో వచ్చి స్టూలు మీద కూర్చుని నోరు తెరిచాడు. అప్పటినుంచి వీధికంతా ఆమె పళ్ళక్క.

వీధివైపు గదిలో ఆమె భర్తది రిమోటు బండ్ల షాపు. సెలవు రోజుల్లో మైదానంలో షో పెడతాడు. బండి తనంతట తనే ఆడుతున్నట్టు కనబడాలని పరదా కట్టిన గూట్లో కూర్చుని రిమోటు నొక్కుతాడు, మైకులో మాట్లాడతాడు. ట్రక్కు కుక్కపిల్లంత ఉంటుంది. దాని కడుపులో ఉన్నది బ్యాటరీ మోటారు కాదు, నూనెతో నడిచే బుల్లి ఇంజిను. ఆ ఇంజిను ఒక్క దిక్కుకే తిరుగుతుంది. బండికి ముందుకు ఉరకడమే తెలుసు, వెనకడుగు తెలియదు. అందుకే అది టైర్ల గోడకు గుద్దుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు పరుగెత్తి వెళ్ళి దాన్ని చేత్తో తిప్పి పెట్టాలి.

ఆ పరుగెత్తే మనిషి పళ్ళక్క తండ్రి. వయసులో ఉన్నప్పుడు ఫుట్‌బాల్ రిఫరీ. ఇప్పటికీ మెడలో ఈల లేనిదే గడప దాటడు. కుడి మోకాలు పాడైంది, అయినా ట్రాకు మధ్యలో నిలబడే పని తనదేనని పట్టుబట్టి తీసుకున్నాడు. ఆయన కుంటుకుంటూ బండి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అల్లుడు మైకులో అరిచేవాడు: "వచ్చేస్తోందండీ, మా రివర్స్ గేరు వచ్చేస్తోంది! మా మావయ్యగారే మా రివర్స్ గేరు! కాస్త గ్రీజు తక్కువైంది, అంతే!" జనం విరగబడి నవ్వేవారు. రిఫరీగారు కూడా నవ్వేవారు. పళ్ళక్క నవ్వలేదు. ఆ నవ్వు విన్న రోజే ఆమె ఈ గేరు మొదలుపెట్టింది.

ఆ చప్పట్లు మోగిన మర్నాడు కూడా షో ఉంది. మధ్యాహ్నం భోజనం చేసి, ఆమె భర్త ట్రక్కును చంకలో పెట్టుకుని ఈల వేసుకుంటూ షెడ్డులోకి వచ్చాడు. బల్ల మీద పెట్టి, "రివర్స్ పడేటప్పుడు టక్కుమంటోంది. కాస్త చూడు. షోకి వేళవుతోంది" అన్నాడు.

పళ్ళక్క లేత్ ఆపలేదు. "మీ బుర్రలో పుట్టింది కదా, మీరే చూసుకోండి."

"అబ్బా, అదా సంగతి! నిన్నటినుంచి ముఖం ముడుచుకుని తిరుగుతుంటే ఏంటా అనుకున్నా. మైకు చేతిలో ఉంటే ఊపులో ఏదో వస్తుంది. అన్నీ మనసులో పెట్టుకుంటే ఎలా?"

"ఆ ఊపులో నా మాట ఒక్కసారైనా రాదేం?"

"చెప్తే నమ్మేదెవరు? మా ఆవిడ చేసిందంటే నవ్విపోరూ? అయినా మొగుడూ పెళ్ళాల మధ్య నీది నాది ఏంటి? నాకొచ్చిన పేరు నీది కాదా?"

సొమ్మొకడిది సోకొకడిది అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆయన మాటల కంటే ఆ టక్కుమనడం ఆమెను ఎక్కువ కలవరపెట్టింది. తను చేసిన గేరు టక్కుమనకూడదు. లేత్ ఆపి, చేతులు తుడుచుకుని, మరలు విప్పి గేరుపెట్టె మూత తీసింది.

లోపల వేలుపెట్టి తడిమింది.

"పిన్నులేవి?"

"ఏ పిన్నులు?"

"రెండు పిన్నులు పెట్టాను. స్ప్రింగుతో సహా. ఏవి?"

"ఓ, అవా! తీసేశా." ఆయన చాలా తేలిగ్గా అన్నాడు. "అవుంటే బండి పూర్తిగా ఆగితేగానీ గేరు మారడం లేదు. నేను బటన్ నొక్కి, అది ఎప్పుడాగుతుందా అని నోరు వెళ్ళబెట్టుకుని కూర్చోవాలి. జనానికంత ఓపికెక్కడిది? ఇప్పుడు చూడు, దిబ్బ మీంచి గాల్లోకి లేస్తుంది, కిందపడీ పడగానే వెనక్కి దూకుతుంది. నిన్న చివర్లో ఒక్కసారి చేశా. నువ్వు అప్పటికే వచ్చేశావు, లేకపోతే చూసేదానివి, ఎలా అరిచారో!"

"అవి ఎందుకు పెట్టాననుకున్నారు?"

"బరువుకేమో అనుకున్నా."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో పళ్ళక్కకు అప్పుడు తెలిసింది. ఎన్ని సాయంత్రాలు ఆ రెండు పిన్నుల కోసమే కూర్చుందో ఆమెకే తెలుసు. చక్రాలు తిరుగుతున్నంతసేపూ అవి ఆ విసురుకు బయటికి జరిగి గేరు మారకుండా అడ్డం పడతాయి. బండి ఆగాకే స్ప్రింగు వాటిని లోపలికి లాగి దారి ఇస్తుంది. బరువుకట!

ఆమె పెట్టెను బండిలోంచి ఊడదీసి బల్లకున్న బిగింపులో పెట్టి బిగించింది. ఇరుసు చివరను డ్రిల్లు నోట్లో ఇరికించింది.

"ఇటు రండి. ఇక్కడ నిలబడండి."

"షోకి టైమవుతోందంటే..."

"రండి."

ఆయన వచ్చాడు. ఆమె డ్రిల్లు నొక్కింది. పెట్టెలో గేర్లు సన్నగా కూత పెట్టాయి.

"బండి జోరు మీదున్నప్పుడు లోపల ఇలా ఉంటుంది. ఇదిగో, గేరు మార్చే మీట. నిన్న దూరంగా పరదా వెనక కూర్చుని బొటనవేలితో మార్చారు. ఇవాళ దగ్గరుండి మార్చండి. వేలితో లాగండి."

ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నాకేం ఖర్మ!"

"ఏం, భయమా?"

"వేలు తెగితే?"

"అంటే తెగుతుందని తెలుసన్నమాట."

"నీకు పిచ్చిగానీ పట్టిందా? ఆపు ముందు!"

"లాగు."

పెళ్ళయ్యాక ఆమె నోట ఆయనకు 'మీరు' తప్ప మరో మాట రాలేదు. ఆ ఒక్క మాటకు ఆయన చెంపదెబ్బ తిన్నవాడిలా చూశాడు.

"లాగు! నీ బుర్రలో పుట్టింది కదా. కన్నవాణ్ణి కరుస్తుందా? లాగు!"

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. పళ్ళక్క పక్కనున్న చీపురు తీసుకుని, కర్రతో మీటను ఒక్క లాగు లాగింది.

టపాకాయ పేలినట్టయింది. డ్రిల్లు ఆమె మణికట్టును మెలితిప్పి ఎగిరిపడింది. కర్ర రెండు ముక్కలైంది. ఏదో ఆయన చెవి పక్కనుంచి రివ్వున పోయి గోడకు తగిలింది. ఇద్దరూ అటు తిరిగారు. రేకులో చిల్లు పడింది. ఆ చిల్లులోంచి ఎండ సన్నగా లోపలికి వచ్చింది.

"అది గేరు పన్ను" అంది పళ్ళక్క. "ఒక్క పన్ను. మైదానంలో తాడు అవతల చిన్నపిల్లలు కూర్చుంటారు. తాడుకివతల మా నాన్న ఉంటాడు. నువ్వేమో పరదా వెనక ఉంటావు."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. కింద పడిన గేరును పళ్ళక్క తీసి చూసింది. ఒకవైపు పళ్ళన్నీ రాలిపోయి బోసినోరులా ఉంది. అన్నాళ్ళ పని అది. తన చేత్తోనే విరగ్గొట్టింది. దానికి ఏడుపు రాలేదు, ఇంకా కోపమే వచ్చింది.

"ఇప్పుడు తెలిసిందిగా. ఇవాళ్టి షో ఆపు. పిన్నులతో మళ్ళీ చేసిస్తాను."

కొంచెంసేపటికి ఆయన ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. దాంతోపాటు ఓ వెటకారపు నవ్వు కూడా వచ్చింది.

"విరగ్గొట్టుకుంటే విరగ్గొట్టుకున్నావులే. ఇంకోటుంది నా దగ్గర."

"ఇంకోటేంటి?"

"నీది విప్పి అచ్చులవాడికిచ్చా. ప్లాస్టిక్‌తో పోసిచ్చాడు. అచ్చు గుద్దినట్టు నీదానిలాగే ఉంది. ఆ పిన్నుల గుంటలు అచ్చులో సరిగ్గా రావడం లేదన్నాడు. వద్దులే, వదిలెయ్ అన్నా."

"ప్లాస్టిక్‌తోనా!"

"మెత్తగా ఉంటుందిగా. ఇలా ఎగిరి గోడలకు తగలదు."

"ఉక్కు పళ్ళే నిలవలేదు, నీ కళ్ళతో చూశావు! ప్లాస్టిక్ పళ్ళు ఊడి గేర్ల మధ్య ఇరుక్కుంటాయి. చక్రాలు బిగుసుకుపోతాయి. అంత వేగంలో చక్రాలు బిగిస్తే బండి ఎటు ఎగురుతుందో, ఎవరి మీద పడుతుందో దేవుడికి కూడా తెలియదు."

"నిన్న పడలేదుగా?"

"ఒక్కసారి చేశావు కాబట్టి పడలేదు! అది నా గేరు కాబట్టి పడలేదు!"

"చూడు, జనం వచ్చి కూర్చున్నారు. దిబ్బ మీంచి దూకించి చూపిస్తానని నిన్ననే చెప్పా. ఇప్పుడు మా ఆవిడ వద్దంటోందని చెప్పనా? నా షాపు, నా బండి, నా మైకు." ఆయన ట్రక్కును లాక్కుని చంకలో పెట్టుకున్నాడు.

పళ్ళక్క గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మైకు నీదే. బతికినంతకాలం అందులో నీ పేరే చెప్పుకో, నాకక్కర్లేదు. ఆ పెట్టె మాత్రం బండిలో పెట్టకు. మా నాన్న అక్కడున్నాడు. విను."

"మీ నాన్నకు ఈల ఉందిగా. ఊదుకుంటూ పక్కకు తప్పుకోమను."

భుజంతో ఆమెను పక్కకు తోసి ఆయన బయటికి పోయాడు. స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగింది.

పళ్ళక్క పళ్ళు పటపటా కొరికింది. లేత్ కరెంటు కట్టేసి, షెడ్డు తలుపు వెయ్యకుండానే రోడ్డెక్కింది. బస్సు కోసం నిలబడినంతసేపూ తండ్రికి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ట్రాకులో దిగితే ఆయన దగ్గర ఈల తప్ప ఇంకేమీ ఉంచుకోడు. చాలాసేపటికి వచ్చిన బస్సు ఎక్కగానే ఆడపడుచుకు ఫోను చేసింది. ఆమె కారు డ్రైవింగ్ నేర్పే టీచరు. సెలవు రోజుల్లో అన్నయ్య షోకి వచ్చి గేటు దగ్గర జనాన్ని వరసల్లో కూర్చోబెడుతుంది.

"వదినా? గట్టిగా చెప్పు, ఇక్కడంతా గోల!"

"మీ అన్నయ్యని బండి తియ్యనివ్వకు! గేరు ఊడుతుంది! మా నాన్నని ట్రాకులోంచి బయటికి పిలు!"

"అన్నయ్య అప్పుడే మొదలెట్టేశాడు వదినా! రిమోటు పట్టుకుని గూట్లో కూర్చున్నాడు. బాబాయిగారేమో దిబ్బ పక్కనే ఉన్నారు."

"పిలవ్వే! పరుగెత్తు!"

"వెళ్తున్నా, వెళ్తున్నా. నువ్వు లైన్లోనే ఉండు."

బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది. పళ్ళక్క ఫోను చెవికి అదుముకుంది. ఆడపడుచు రొప్పు వినిపిస్తోంది. "జరగండి, జరగండమ్మా" అంటోంది. దూరంగా ఇంజిను కీచుమంటోంది. మైకులో భర్త గొంతు: "ఇప్పుడు చూడండి, గాల్లోకి!" తండ్రి ఈల ఒక్కసారి పొడుగ్గా మోగింది. తర్వాత ఫటేలుమని ఏదో పగిలిన చప్పుడు. జనం ఒక్కసారిగా అరిచారు, అవి చప్పట్ల అరుపులు కావు. ఆ పైన ఆడపడుచు ఫోన్లోనే కేక పెట్టింది: "బాబాయిగారూ!"

పళ్ళక్క బస్సు తలుపు బాదింది. డ్రైవరు ఆమె ముఖం చూసి తలుపు తీశాడు.

మిగిలిన దూరం ఆమె ఎలా పరుగెత్తిందో ఆమెకు గుర్తులేదు. మైదానంలో తాడు తెగి ఉంది. జనం గుండ్రంగా మూగారు. చక్రాలు పైకి పెట్టి పడి ఉన్న ట్రక్కు కింద ప్లాస్టిక్ ముక్కలు చెల్లాచెదురుగా ఉన్నాయి. తండ్రి మట్టిలో వెల్లకిలా పడున్నాడు. ఆడపడుచు ఒడిలో ఆయన తల ఉంది. మోకాలి కింద ఎడమకాలు వంగకూడని చోట వంగి ఉంది. అది ఆయన మంచి కాలు.

"ఏం లేదమ్మా" అన్నాడు రిఫరీగారు పంటి బిగువున. "వెనకనుంచి వచ్చి కొట్టింది. ఫౌల్. ఈల ఊదాను కూడా, ఎవరూ ఆగలేదు."

పళ్ళక్క ఆయన చెయ్యి పట్టుకుంది. మాట రాలేదు. ఆ కాలు చూసిన కళ్ళతోనే తలెత్తి భర్త కోసం వెతికింది. గుంపుకు కాస్త అవతల, మైదానం కాపలాకు వచ్చిన పోలీసాయన ఎదుట ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పోలీసాయన చేతిలో పగిలిన గేరుపెట్టె ముక్క ఉంది.

"ఇదే పగిలిందా? ఇందులో లోపముందని తెలియదా? ఎవరు చేశారు దీన్ని?"

ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మా ఆవిడ సార్."

ముందు వరసలోంచి ఒకావిడ గయ్యిమంది. "అదేంటయ్యా! నిన్న నీ బుర్రలో పుట్టిందన్నావు, నీ చేతుల్లో పెరిగిందన్నావు! మేమందరం చప్పట్లు కొట్టాం!"

"అది షో కోసం అన్నా సార్. నాకు మిషన్ల సంగతి ఏం తెలుసు? గేర్లకు పళ్ళు కోసేది తనే. కావాలంటే వీధిలో ఎవర్నైనా అడగండి. నాకు తనేమిస్తే అది బండిలో పెట్టుకుంటా, అంతే. అదుగో, వచ్చింది. తననే అడగండి."

అందరూ పళ్ళక్క వైపు తిరిగారు. రిఫరీగారు కూతురి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"ఒప్పుకోకమ్మా" అన్నాడు లోగొంతుకతో. "వాడు గుంట తవ్వుతున్నాడు. దిగకు."

పళ్ళక్క ఆ చేతిని మెల్లగా విడిపించుకుని లేచింది. చీరకంటిన మట్టి దులుపుకోలేదు. నేరుగా వెళ్ళి పోలీసాయన చేతిలోని ముక్కను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. గేరు వరసా, మీటా, మరల చోటూ అన్నీ తనవే. పెట్టె మూల ఆమె చెక్కిన గుర్తును కూడా అచ్చులవాడు వదలకుండా దించేశాడు. పిన్నులు ఉండాల్సిన చోట మాత్రం నున్నగా పూడిపోయి ఉంది.

లేదు, నాది కాదు అంటే చాలు. ఇది అచ్చు పోసింది, తను చేసింది కాదు. అలా అన్నా అబద్ధం కాదు. అప్పుడు ఆ గేరు ఎవరిదంటే ఇక ఎప్పటికీ ఎవరిదీ కాదు.

"మా ఆయన నోట నిజం రావడం ఇదే మొదటిసారి సార్" అంది. గొంతు మైదానం చివరిదాకా వినిపించింది, మైకు లేకుండానే. "అవును, ఈ రివర్స్ గేరు నాది. ఆలోచన నాది, పని నాది. మా నాన్న ఇలా పరుగెత్తకూడదని చేశాను. ఇది దానికి తీసిన అచ్చు. ఇక్కడ రెండు పిన్నులుండాలి. అవెందుకు లేవో మీరు ఆయన్ని అడగండి, నేనూ చెప్తాను. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి చెప్తాను."

ఆయన ముఖం మాడిపోయింది. ఆమె కాదంటుందనీ, తను గట్టిగా అరిచి నెగ్గవచ్చనీ అనుకున్నాడు. ఒప్పుకుంటుందని అనుకోలేదు.

అంబులెన్సు వచ్చింది. రిఫరీగారిని ఎక్కించారు. పళ్ళక్క అటు నడవబోతే పోలీసాయన అడ్డం వచ్చాడు. "మీరు చేశానని ఒప్పుకున్నారు కదమ్మా. ముందు స్టేషన్‌కి రావాలి. తర్వాతే ఆసుపత్రి."

"నేను వెళ్తా బాబాయిగారితో. నువ్వు బెంగపడకు వదినా" అంది ఆడపడుచు. అంబులెన్సు తలుపు పట్టుకుని నిలబడింది.

పళ్ళక్క పోలీసు బండి దగ్గరికి నడిచింది. మెట్టు మీద కాలు పెట్టింది. వెనక పోలీసాయన భర్తను అడుగుతున్నాడు.

"గేరు సంగతి సరే. బండి నడిపిందెవరు? రిమోటు ఎవరి చేతిలో ఉంది?"

ఆయన పరదా గూటి వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. తర్వాత వేలెత్తి అంబులెన్సు వైపు చూపించాడు.

"మా చెల్లెలు సార్. తను డ్రైవింగ్ టీచరు. నేను మైకులో మాట్లాడుతున్నా. రిమోటు తన చేతిలోనే ఉంది."

అంబులెన్సు తలుపు దగ్గర ఆడపడుచు వెనక్కి తిరిగింది. పట్టుకున్న తలుపు వదిలేసింది.

పోలీసు బండి మెట్టు మీది కాలు పళ్ళక్క కిందికి దించింది.